చెరువు వైపు తిరిగిన తల్లి

చలి తగ్గుముఖం పట్టే రోజుల్లో సఫూరా ఏటా తన అరటితోటలో ఒక చెట్టును చూసి పెట్టుకునేది. నిటారు చెట్లు ఎన్నయినా దొరుకుతాయి, వాటికోసం వెతకనక్కర్లేదు. ఆమెకు కావలసింది గెల వేసి, ఆ బరువుకు తల ముందుకు వాల్చిన చెట్టు. గెల కోశాక ఎలాగూ నరికేసేదే కనుక బడికి ఇవ్వడానికి మనసుకు కష్టంగా ఉండేది కాదు.

ఫిబ్రవరి ఇరవై ఒకటి తెల్లవారేసరికి బేత్‌కాందీ బడి మైదానం నడుమ ఆ వాలిన బోదెను పాతేవారు. దానికి అటు రెండు, ఇటు రెండు నిటారు బోదెలు నిలబెట్టి తెల్లకాగితం చుట్టేవారు. అదే ఊరి షహీద్ మినార్, అమరుల స్తూపం. నడుమ ఉన్నది తల్లి. పక్కనున్నవాళ్ళు కొడుకులు, మా భాష మాకు కావాలని అడిగినందుకు ఢాకా వీధుల్లో తూటాలకు పడిపోయిన పిల్లలు. అది సఫూరా పుట్టకముందు మాట. అయినా ఆ పొద్దున ఊరంతా చెప్పుల్లేకుండా, పాడుకుంటూ, బంతిపూలు పట్టుకుని వచ్చి అరటిబోదెల చుట్టూ చేరేవారు. తల్లి ఎటు వాలితే అటే ముందు. మిగతావాళ్ళు ఎక్కడ చోటుంటే అక్కడ.

కాయని చెట్టును తల్లిగా నిలబెట్టకూడదని సఫూరా అత్తగారు అనేది. ఎందుకని ఎవరూ అడగలేదు. అత్తగారు పోయాక ఆ పట్టింపు సఫూరాకు వచ్చింది. మాఘం ముగియకముందే బడి పంతుళ్ళు ఆమె పెరటి కంచె దగ్గర నిలబడి, చాచీ, ఈ ఏడు తల్లి ఎవరు అని అడగడం, ఆమె గడ్డం ఎత్తి ఒక చెట్టును చూపించడం, ఇలా ఏళ్ళు గడిచాయి.

కిందటి వానాకాలం వెళ్ళాక బడి పెద్దపంతులమ్మ లుత్ఫా స్వయంగా వచ్చింది. ఊరంతా ఆమెను ఆపా, అంటే అక్క అని పిలిచేవారు. సఫూరా వాకిట్లో వడ్లు ఎండబోస్తోంది. పక్కా మినార్ కట్టడానికి సర్కారు ఒప్పుకుందని, ఇకమీదట సిమెంటుదే ఉంటుందని, సఫూరా ఖాలా చెట్లకు ఇక శ్రమ ఉండదని ఆమె సంతోషంగా చెప్పింది. మంచిదే, వారం తిరక్కుండా కుళ్ళిపోయేదాన్ని నిలబెట్టడం కంటే అదే నయమని సఫూరా కూడా అంది. ఆపా వెళ్ళాక మాత్రం వడ్లు కాలితో తిరగేయడం మరిచిపోయి కాసేపు తోట వైపు చూస్తూ కూర్చుంది.

ఆ ముల్లు మీద కాస్త వెన్న రాసినట్టు ఇంకో మాట కూడా చెప్పి వెళ్ళింది ఆపా. పని తాలెబ్‌కు ఇస్తామంది.

తాలెబ్ సఫూరాకు ఒక్కడే కొడుకు. మీసాలు రాకముందే ఢాకా వెళ్ళి, పెద్ద పెద్ద మేడలకు తట్టలు మోసి, తాపీ పట్టడం నేర్చుకుని, రెండేళ్ళ కిందట తిరిగొచ్చాడు. ఊళ్ళో వాడికి దొరికినవి మరుగుదొడ్లు, బావి గట్లు, పశువుల కొట్టాలు. చూసి మెచ్చుకునే పని ఒక్కటీ లేదు. ఊరిపెద్ద సొలైమాన్ మత్బర్ పట్నం నుంచి మేస్త్రీని పిలిపిద్దామన్నాడు. మన బడి పిల్లాడు మన బడికి కట్టలేడా అని ఆపా పట్టుబట్టింది. ఇది బాగా వస్తే చుట్టుపక్కల ఊళ్ళు పిలుస్తాయి, రాకపోతే మళ్ళీ ఢాకాకే పోతానని తాలెబ్ తల్లితో అన్నాడు. మామూలుగానే అన్నాడు. సఫూరాకు మాత్రం ఆ మాట మామూలుగా అనిపించలేదు. ఢాకా వెళ్ళినవాడు పండక్కి వస్తాడు, పండక్కి రాలేకపోయానని ఫోను చేస్తాడు, తర్వాత ఫోను ఒక్కటే వస్తుంది. వాడు మొదటిసారి వెళ్ళినప్పుడు ఆమె అది చూసిందే.

మినార్‌కు మైదానం నడుమ కాకుండా పడమటి అంచున, చెరువుకు వీపు ఆనించినట్టు చోటు చూపించారు. పిల్లలు ఆడుకోవడానికి మైదానం మిగలాలి కదా. తాలెబ్ ఇనుప ఊచలు కట్టాడు, సెంట్రింగ్ చెక్కలు బిగించాడు, కాంక్రీటు పోశాడు. వెదురు పరంజా, చెక్కలు, పైన తడి గోనెపట్టాలు, ఇవన్నీ కలిసి లోపల ఏముందో ఎవరికీ కనిపించనివ్వలేదు. సాయంత్రాలు సఫూరా చెరువులోంచి బిందెతో నీళ్ళు తెచ్చి ఆ గోనెల మీద పోసేది. సవతి బిడ్డకు స్నానం చేయిస్తున్నట్టుంది నీ వాలకం అని పొరుగింటి కుల్సుం నవ్వేది. కుల్సుం ఆమెకంటే పెద్దది, నోరు ఊరుకోనిది, మనసులో ఏమీ దాచుకోనిది. సఫూరా ఇంకో బిందె ముంచేది. ఆ ఏడు కూడా తోటలో ఒక చెట్టు గెలతో బాగా వాలింది. కంచె దగ్గర ఎవరూ నిలబడలేదు. అయినా ఆమె దాని గెల కొయ్యకుండా ఉంచింది.

ఇరవై ఒకటికి రెండు రోజుల ముందు, పొద్దెక్కాక, చెక్కలు విప్పారు. బడి పిల్లలు, పంతుళ్ళు, మత్బర్, మసీదులో నమాజు చేయించే హుజూర్, కుల్సుంతో పాటు ఆడవాళ్ళు, అందరూ మైదానంలో నిలబడ్డారు. కొడుకుల స్తంభాలు నున్నగా, నిటారుగా వచ్చాయి. నడుమ స్తంభం అందరికంటే పొడవు. పైన తల వంపు కూడా ఎక్కడా గుల్లలు లేకుండా చక్కగా కుదిరింది. ఒకరిద్దరు పంతుళ్ళు భేష్ అన్నారు. సఫూరా గుండె ఒక్కసారి తేలికపడింది.

"మొగమేది?" అంది కుల్సుం.

ఆ తర్వాత అందరూ చూశారు. తల్లి తల వంచింది నిజమే, కాని చెరువు వైపు. పిల్లలు నిలబడే మైదానం వైపు ఆమె వీపు ఉంది.

మత్బర్ తాలెబ్‌ను పిలిచి ఇదేమిటని అడిగాడు. తాలెబ్ వెంటనే చెప్పాడు, దాచుకోవడానికి ఏమీ లేనట్టు. అరటి మినార్ నడుమ ఉండేది కనుక ఎటు వంగినా చుట్టూ జనం ఉండేవారు, అప్పుడు దిక్కు సంగతి ఎవరూ తలచలేదు. ఇప్పుడు అంచున కట్టాలి, ఎటు వంచాలని తాను రెండు రోజులు ఆలోచించాడు. తల వంచడమంటే చిన్నప్పటి నుంచి తాను చూసింది పడమటికే. నమాజులో నాన్న వంచింది అటే, ఊరు వంచేది అటే. ఇంకో దిక్కుకు వంచిన తలను కట్టడానికి చెయ్యి రాలేదు. అందుకే పడమరకు వంచాడు. చెబుతూ చెబుతూ ఉండగానే వాడికి మైదానంలో వరసగా నిలబడ్డ పిల్లలు కనిపించారు. మాట మధ్యలో ఆపేశాడు.

అజాగ్రత్తగా చేసి ఉంటే తిట్టడం తేలిక. ఇంత జాగ్రత్తగా ఆలోచించి చేసినదాన్ని ఏమనాలో మత్బర్‌కు తోచలేదు. ఆయన హుజూర్ వైపు తిరిగాడు. హుజూర్ గడ్డం నిమురుకుంటూ కాసేపు పైకి చూశాడు.

"ఆమె నమాజు చెయ్యడం లేదు కదా నాయనా. పిల్లల్ని చూస్తోంది. పిల్లలు ఎటుంటే తల్లికి అదే దిక్కు."

ఆయన మెత్తగానే అన్నాడు. తాలెబ్ మొగం మాత్రం గోడకు సున్నం కొట్టినట్టు అయిపోయింది. సమ్మెట తెస్తాను, తల ఒక్కటే పగలగొట్టేస్తానని గొణిగాడు. లుత్ఫా ఆపా వద్దంది. కాంక్రీటు ఇంకా పచ్చిది, సమ్మెట దెబ్బకు కొడుకులు కూడా కదిలిపోతారు, ఎల్లుండి పొద్దున ఉపజిలా సర్కారు ఆఫీసు నుంచి ఆఫీసరమ్మ వస్తోంది. మత్బర్ ఇంటికి పోయి ఆలోచిద్దామన్నాడు. జనం గుసగుసలాడుకుంటూ చెదిరారు. తాలెబ్ తాపీ అక్కడే వదిలేసి తల వంచుకుని నడిచిపోయాడు.

మధ్యాహ్నం దాటాక ఆపా సఫూరా పెరటి కంచె దగ్గరకు వచ్చి నిలబడింది. చలికాలమంతా ఆ చోటులో ఎవరు నిలబడతారా అని సఫూరా ఎదురుచూసింది. ఇప్పుడు వచ్చిన మనిషిని చూస్తే లోపలికి పారిపోవాలనిపించింది.

ఆపా ఊరిపెద్దలు తేల్చిన మాట చెప్పింది. సిమెంటు మినార్‌కు గుడ్డ చుట్టేస్తారు. మైదానం నడుమ ఎప్పటిలాగే అరటి మినార్ నిలబెట్టి పండగ జరుపుతారు. పండగయ్యాక పట్నం మేస్త్రీని పిలిపించి తల సరిచేయిస్తారు. చెట్టు ఉందా ఖాలా అని అడిగింది.

"ఉంది," అంది సఫూరా. "ఇవ్వను."

ఆపా నొచ్చుకోలేదు. అలసిపోయినట్టు కంచె కర్రకు చెయ్యి ఆనించింది. కోపం వచ్చిందా అని అడిగింది. లేదంది సఫూరా. కోపమైతే చెట్టు నరికి ముఖాన పడేసేదాన్నే అంది.

"నా చెట్టు నిలబెడితే ఏమవుతుందో చెప్పనా ఆపా. వచ్చినవాళ్ళు గుడ్డ చుట్టినదాన్ని చూసి ఇదేమిటంటారు. తాలెబ్ తప్పు చేశాడని ఎవరో ఒకరు చెబుతారు. ఆ గుడ్డ ఎప్పుడో తీసేస్తారు. వాడి మీద కప్పింది తియ్యరు. వాడు రేపు సాయంత్రమే ఢాకా బస్సెక్కుతాడు."

"నాకూ తెలుసు ఖాలా. వాడికి పని ఇప్పించింది నేనే. అయితే ఏం చెయ్యమంటారు? తల్లి వీపుకు పూలు పెట్టమంటారా?"

"ఆమె ఎటు చూస్తోందో మనమే అటు పోదాం."

అటంటే చెరువు గట్టు. లుత్ఫా ఆపాకు ఆ గట్టు బాగా తెలుసు. మనిషి నిలువు వెడల్పు కూడా ఉండదు, చామదుంప ఆకులు, బురద, బాతుల రొచ్చు, అంట్లు తోమిన బూడిద. పండగ పూట ఊరందరినీ అక్కడికి తీసుకెళ్ళడమా అంది.

"ఆడవాళ్ళం ఏటా ఎక్కడ నిలబడతాం?" అని అడిగింది సఫూరా.

ఏటా ఉండే వరస ఆపాకు గుర్తొచ్చింది. మైదానంలో ముందు పిల్లలు, తర్వాత పంతుళ్ళు, పార్టీలవాళ్ళు, క్లబ్బు కుర్రాళ్ళు. వాళ్ళందరి పూలూ అయ్యేదాకా ఊరి ఆడవాళ్ళు చెరువు గట్టు మీదే కొంగులు కప్పుకుని నిలబడేవారు. ఎండ బాగా ఎక్కాక, కాగితాలు నలిగిపోయాక, వాళ్ళ వంతు వచ్చేది. ఆపా ఒక్కతే పంతులమ్మ కనుక ముందు వరసలో నిలబడేది. వెనక్కి తిరిగి చూసే తీరిక ఆమెకు ఎప్పుడూ దొరకలేదు.

"మాకు ఆ గట్టు కొత్త కాదు ఆపా. మీకే కొత్త," అంది సఫూరా, తప్పు పట్టినట్టు కాకుండా, దారి చెప్పినట్టు.

సాయంత్రం మత్బర్ వాకిట్లో మళ్ళీ మాటలు నడిచాయి. ఆఫీసరమ్మను బాతుల మధ్యకు నడిపిస్తామా అని ఆయన సణిగాడు. బాతులు అదిలిస్తే పోతాయి, పచ్చి కాంక్రీటు పగిలితే రాదు అన్నాడు హుజూర్. చాలాసేపు సాగదీసి, చివరకు మత్బర్ సరేనన్నాడు. రేపు ఒక్కరోజులో గట్టు బాగుపడితేనే అన్నాడు. లేకపోతే గుడ్డే.

మర్నాడు పొద్దున సఫూరా కొడుకు గది ముందు నిలబడింది. తాలెబ్ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. సంచీ సర్దేసి తల దగ్గర పెట్టుకున్నాడు. చద్దన్నంలో ఉల్లిపాయ నలిపి పెట్టింది, వాడు ముట్టుకోలేదు. ఊరుకోరా అని ఆమె అనలేదు, ఉండిపోరా అని కూడా అనలేదు. అనబోయి, ఆ మాటలు వాడిని ఇంకా గోడలోకి తోస్తాయని ఆగింది.

"నీ పార తీసుకుపోతున్నా," అంది. "గట్టు చెక్కాలి."

అప్పటికే కుల్సుం, ఇంకో పదిమంది ఆడవాళ్ళు కొంగులు నడుముకు దోపుకుని చామ మొక్కలు పీకుతున్నారు. క్లబ్బు కుర్రాళ్ళు ఇసుక మోస్తున్నారు. మత్బర్ గొడుగు పట్టుకుని ఇటు పెంచండి, అటు తగ్గించండి అంటున్నాడు, ఎవరూ వినడం లేదు. సఫూరా పార పట్టింది. ఆమెకు పార అలవాటు లేదు. చెరువు వైపు మట్టి వదులుగా ఉందని మినార్ మొదలు దగ్గరకు జరిగి తవ్వడం మొదలుపెట్టింది. ఆమెను చూసి మిగతావాళ్ళూ అక్కడే తవ్వారు.

కాసేపటికి వెనకనుంచి గొంతు వినిపించింది.

"అక్కడ తవ్వద్దమ్మా. పునాది ఉంది. పడిపోతుంది."

తాలెబ్ మైదానం అంచున నిలబడి ఉన్నాడు. కావాలని అక్కడ తవ్వావా అని కుల్సుం తర్వాత ఎన్నిసార్లు అడిగినా సఫూరా చెప్పలేదు. నిజానికి ఆమె తెలియకే తవ్వింది. వాడు వచ్చి పార అందుకున్నాడు. ఎవరి మొగమూ చూడకుండా, ఎక్కడ ఎంత మట్టి తియ్యాలో, ఎక్కడ వెదురు గుంజలు దిగ్గొట్టి మట్టి జారకుండా అడ్డం కట్టాలో చేతులతోనే చూపిస్తూ పోయాడు. మత్బర్ గొడుగు మూసి, గుంజలు పట్టుకుని నిలబడ్డాడు. పొద్దు వాలేసరికి ముగ్గురు నలుగురు పక్కపక్కన నిలబడే జాగా తయారైంది. బాతులు చెరువు అవతలి ఒడ్డుకు పోయి అరుస్తున్నాయి.

ఇరవై ఒకటి పొద్దున పొగమంచు పలచగా ఉంది. చెప్పుల్లేని కాళ్ళకు మట్టి చల్లగా తగులుతోంది. భుజానికి నల్లగుడ్డ పేలికలు, చేతుల్లో బంతిపూలు. పాట ముందు నడిచింది, జనం దాని వెనక నడిచారు. ఎప్పటిలా మైదానం నడుమ ఆగబోయి, కాళ్ళు తడబడి, ముందున్నవాళ్ళను చూసి పక్కకు తిరిగి, మినార్ చుట్టూ గట్టు మీదికి వెళ్ళారు. ఒక్కసారి నలుగురికి మించి పట్టదు కనుక తోసుకోవడానికి వీలు లేకపోయింది. ఒక పార్టీవాళ్ళు తెచ్చిన పూలచక్రం ఆ సందులో పట్టక, దాన్ని నిలువుగా తిప్పి పీతలా పక్కకు నడిచారు. ఉదయపు ఎండ సూటిగా కళ్ళల్లో పడుతోందని మత్బర్ విసుక్కున్నాడు. ఆడవాళ్ళు తమ అలవాటు ప్రకారం తెల్లవారకముందే గట్టు మీద చేరారు. ఈసారి అందరికంటే ముందు పూలు పెట్టింది వాళ్ళే. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఆపలేదు. అక్కడున్నారు కనుక పెట్టారు.

ఆఫీసరమ్మ వచ్చేసరికి ఎండ చెట్ల మీదికి ఎక్కింది. సన్నగా, నెమ్మదిగా ఉన్న మనిషి. మైదానంలోకి వచ్చి మినార్ ముందు ఆగింది. పూలు కనిపించలేదు. వంగిన తల వెనక భాగం కనిపించింది. ఇది ఇలా ఉందేమిటని లుత్ఫా ఆపాను అడిగింది. ఆపా నోరు తెరిచేలోగా తాలెబ్ జనంలోంచి ముందుకు వచ్చాడు. సఫూరా గట్టు మీదనుంచి వాడి నడక చూసింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వాడు వాటిని వెనక కట్టుకున్నాడు.

"నేనే కట్టానండి. తల వంచితే పడమరకే వంచాలనుకున్నాను. తల్లి పిల్లల వైపు వంగుతుందని నాకు తట్టలేదు. ఈ తప్పులో ఇంకెవరి చెయ్యీ లేదు."

ఆఫీసరమ్మ వాడి వైపు తిరిగింది. పడగొట్టి మళ్ళీ కడతారా అని అడిగింది. మత్బర్ అవునండి అనబోయాడు. గట్టు మీదనుంచి కుల్సుం గొంతు ఎత్తింది.

"పడగొట్టడం దేనికమ్మా? మొగం ఇటుంది, మీరే ఇటు రండి."

ఎవరో నవ్వు ఆపుకున్నారు. ఆఫీసరమ్మ చెప్పులు విడిచి, పూలు పట్టుకుని, గట్టు మీదికి వచ్చింది. సఫూరా, కుల్సుం వెనక్కి జరిగి చోటిచ్చారు. వెనక్కంటే ఇక చెరువే, మడమలకు నీళ్ళు తగిలాయి. ఆమె పూలు పెట్టి, తలెత్తి, తమ మీదికి వంగిన ఆ స్తంభాన్ని చూస్తూ కొంచెంసేపు అలాగే నిలబడింది. ఎండకు కళ్ళు చికిలించుకుంది. తిరిగి వెళ్ళబోతూ ఇసుకలో కాలు జారింది. సఫూరా చటుక్కున మోచెయ్యి పట్టుకుంది.

"ఇలాగే ఉండనివ్వండి," అంది ఆఫీసరమ్మ లుత్ఫా ఆపాతో. "కాని వానాకాలంలో ఈ గట్టు నిలవదు. వచ్చే ఏడుకి ఇక్కడ మెట్లు ఉండాలి." పట్నం మేస్త్రీని పిలిపించమంటారా అని మత్బర్ అడగబోతే, ఇది కట్టినతను ఇక్కడే ఉన్నాడుగా అని తాలెబ్‌ను చూపించి చెప్పుల కోసం వెళ్ళింది.

మధ్యాహ్నానికి అందరూ ఇళ్ళకు పోయారు. సఫూరా, కుల్సుం మాత్రం కాళ్ళు కడుక్కుంటూ గట్టు మీదే మిగిలారు. తాలెబ్ ఒక పుల్ల తీసుకుని, నీటి అంచు నుంచి పైదాకా తడిమట్టిలో మెట్లకు గీతలు గీస్తున్నాడు. కాసేపు చూసి చెరిపేశాడు. మళ్ళీ గీశాడు. గీసి తల్లి వైపు చూశాడు.

"అమ్మా, ఇద్దరు ముసలాళ్ళు పక్కపక్కన దిగాలంటే ఎంత వెడల్పు కావాలి?"

నన్ను ముసలిదంటున్నాడు చూడు నీ కొడుకు అని కుల్సుం సణిగింది. సఫూరా ఆమె చెయ్యి పట్టుకుని లేపి తన పక్కన నిలబెట్టుకుంది. తాలెబ్ వాళ్ళిద్దరికీ అటూ ఇటూ గీత గీశాడు. కుల్సుం మోచేతులు చాపి, ఇలా నిలబడితే మాకు పూలు పట్టుకునే చోటేదిరా అంది. వాడు వంగి, ఒక గీతను చేత్తో చెరిపి, జానెడు అవతలికి జరిపాడు.